తప్పు లేని పిటిషన్

లాయర్ల గురించి జనానికి ఎన్ని రకాల అభిప్రాయాలున్నా, అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది: లాయరుకి ఇల్లు అద్దెకివ్వకూడదు. ఈ లాయరు పద్నాలుగు ఇళ్లు చూశాడు. ప్రతిచోటా మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు, ఏం చేస్తుంటారని అడిగారు. చెప్పగానే, ఆ వాటాలోకి చుట్టాలెవరో దిగబోతున్న సంగతి ఇంటివాళ్లకి గుర్తొచ్చింది. చివరికి ఒక అచ్చాఫీసు మీద రెండు గదులు దొరికాయి. ముందు గదిలో ఆఫీసు, వెనక గదిలో కాపురం. కాపురం అనడం అలవాటు కొద్దీ. అక్కడున్నది మంచం, స్టవ్వు, అతనూ.

తోపుడు బండ్ల వాళ్లకి అతను దేవుడు, వాళ్ల చోటు వాళ్లకి ఇప్పించాడు కాబట్టి. ఆ బండ్లు ఎత్తేయించాలని చూసిన కాంట్రాక్టరుకి పచ్చి అబద్ధాలకోరు. పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్నవాడికి ఊరికే దొరికే సలహా. కక్షిదారులకి కేసు నడుస్తున్నన్నాళ్లూ ఓడ మల్లయ్య, తీర్పు వచ్చిన మర్నాడు బోడి మల్లయ్య. ఇవన్నీ నవ్వుతూ మోశాడు. కోర్టులో అతనికి పెట్టిన పేరు మాత్రం వేరు: వాయిదాల లాయరు. స్థలాల కేసుల్లో పులిలా ఉండే మనిషి విడాకుల కేసు చేతికొస్తే నత్త అయిపోయేవాడు. జ్వరం అనేవాడు, ఫైలు కనబడలేదనేవాడు. అతని అమ్మమ్మ ఆ కోర్టు రికార్డుల ప్రకారం పదకొండుసార్లు పోయింది.

అలా నత్తనడక నడుస్తున్న కేసుల్లో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఆవిడది ఒకటి. ఆవిడా, భర్తా ఇద్దరూ ఒప్పుకునే విడిపోతున్నారు. ఆరు నెలల్లో తేలాల్సింది రెండేళ్లయింది. వాయిదాకి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండా, బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది.

"కోర్టు వరండాలో టైపిస్టు అక్కయ్య దగ్గర దాచిన కాపీ ఇది. ఇంటి నంబరు పందొమ్మిది. కోర్టుకి వెళ్లిన కాగితంలో తొంభై ఒకటి. మధ్యలో దిద్దింది మీ పెన్ను సార్."

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిటిషన్‌లో ఒక్క అంకె తేడా వచ్చినా కోర్టు గుమాస్తా ఆ కాగితాల కట్ట వెనక్కి పంపిస్తాడు. దిద్ది మళ్లీ వేయాలి, మళ్లీ వరసలో నిలబడాలి. రెండు నెలలు గాల్లో కలుస్తాయి. ఈవిడ కట్ట మూడుసార్లు వెనక్కొచ్చింది. ఒకసారి ఇంటి నంబరు, ఒకసారి పెళ్లి తారీకు, ఒకసారి భర్త వయసు. అన్నీ దిద్ది వేశాక, మిగిలిన కాలాన్ని వాయిదాలు తిన్నాయి.

"పొరపాటు జరిగిందమ్మా. వయసు మీద పడింది కదా, కళ్లు..."

"నేను రోజుకి నూట యాభై సీసాల మీద పేర్లు రాస్తాను. ఒక్క పేరు తారుమారైతే ఒకళ్ల జబ్బు ఇంకొకళ్ల మెడకి చుట్టుకుంటుంది. పొరపాటు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది పొరపాటు కాదు."

అతను కళ్లద్దాలు పెట్టుకుని ఎదుటి కుర్చీ చూపించాడు. అప్పుడు కూర్చుందావిడ. బస్సుల డిపోలో పనిచేసే మెకానిక్ ఒకతను తన కోసం రెండేళ్లుగా ఆగి ఉన్నాడని చెప్పింది. వాళ్లమ్మ వేరే సంబంధం ఖాయం చేసి కూర్చుందట. ఈ వాయిదా దాకా చూస్తానని అతను ఇంట్లో మాటిచ్చాడట.

"రేపు కూడా తేలకపోతే, ఇంకా ఆగమని అడగడానికి నాకు మొహం లేదు. అతను నాకు కావాలి సార్. ఇంత సూటిగా అతనితో కూడా ఎప్పుడూ అనలేదు."

ఈ సంగతేదీ లాయరుకి తెలియదు. అడిగితే కదా తెలిసేది. కోర్టు వరండా బెంచీ మీద మొగుడూ పెళ్లాం పక్కపక్కనే కూర్చుని ఒకే సీసాలో నీళ్లు తాగడం చూశాడు, ఇంకేముంది, కలిసిపోతారని తనకి తానే తీర్పు చెప్పేసుకున్నాడు.

"మీరిద్దరూ కలుస్తారనుకున్నాను," అన్నాడు.

"అనుకోమని మిమ్మల్ని ఎవరడిగారు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆ దెబ్బకి అతను ఇరవై రెండేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పేశాడు. తనకీ పెళ్లయింది. భార్య ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దేది. సాయంత్రాలు అతను రాసిన పిటిషన్లు ముందేసుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కామాలకి కూడా తగువుపడేది. ఆ తగువు కోసమే అతను ఇంటికి పెందరాళే వచ్చేవాడు. కానీ నల్ల కోటు చిలక్కొయ్యకి తగిలించినంత తేలిగ్గా లాయరు బుద్ధిని తగిలించలేకపోయాడు. ఎక్కడికెళ్లావు, ఎన్నింటికి, ఎవరు చూశారు, నిన్న ఇలా చెప్పలేదే. ఒకరోజు ఆమె, "నేను సాక్షిని కాదు, నీ పెళ్లాన్ని," అంది. ఇతను దానికీ ఎదురు ప్రశ్న వేశాడు. మాటకి మాట పెరిగి, విడిపోదామంటే విడిపోదామనుకున్నారు. పంతం కొద్దీ ఆ పిటిషన్ తనే రాశాడు. ఒక్క దిద్దుబాటు లేకుండా, కూర్చున్న చోటి నుంచి లేవకుండా. జడ్జి గారు ఆ రాతని నిండు కోర్టులో మెచ్చుకున్నారు. కేసు ఒక్క వాయిదా కూడా పడకుండా తేలిపోయింది.

"ఆ పిటిషన్ ఒక్కసారి వెనక్కొచ్చి ఉంటే, రెండు నెలలు చేతిలో ఉండేవి. రెండు నెలల్లో నేను సిగ్గు విడిచి బతిమాలుకునేవాణ్ణి. అందుకే ఎవరి విడాకుల పిటిషన్ రాసినా ఒక తప్పు పెడతాను. ఈ ఇరవై రెండేళ్లలో మూడు జంటలు కలిశాయి."

"మిగతావాళ్లెంతమంది?"

లెక్క చూసుకోలేదన్నాడు.

ఆవిడ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. కోపం తగ్గింది గాని జాలిపడే తీరిక ఆవిడకి లేదు. "మీ కాపురం మీరు నా కేసులో చేసుకుంటున్నారు సార్," అని, "రేపు పదిన్నరకి వస్తాను," అని మెట్లు దిగింది.

కింద అచ్చు యంత్రం ఆడుతోంది. సిరా వాసన కిటికీలోంచి వస్తోంది. వేరే చోట ఇల్లు దొరకలేదన్నది నిజమే గాని, దొరికినా వెళ్లేవాడు కాదు. భార్య చేతివేళ్లకి ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. ఇన్నేళ్లూ అది పీల్చుకుంటూ, పరాయివాళ్ల ఇళ్ల నంబర్లు తారుమారు చేస్తూ బతికాడు. ఆమె కావాలి, ఇప్పటికీ కావాలి. ఆమె ఎవరి పిటిషన్‌లోనూ దొరకదని చెప్పడానికి ల్యాబులో పనిచేసే మనిషి రావలసివచ్చింది.

మర్నాడు కేసు పిలవగానే జడ్జి గారు అతన్ని చూసి, అడక్కుండానే వాయిదా తారీకు వేయడానికి పెన్ను తీశారు.

"వద్దండి. మా వైపు సిద్ధం," అన్నాడు.

పెన్ను అక్కడే ఆగిపోయింది. అవతలి లాయరు కూడా తలెత్తి చూశాడు. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టారు. భర్త, పాపం, కాసింత తేలికపడ్డ మొహంతో, "నీ గొడుగు మా ఇంట్లో ఉండిపోయింది, పంపిస్తాలే," అన్నాడు. ఆవిడ వరండాలోకి రాగానే ఫోను చెవికి పెట్టుకుంది. "అయిపోయింది. ఆఁ, నిజంగా. ఎక్కడున్నావు?" అంటూ గేటు వైపు దాదాపు పరిగెత్తింది. లాయరుకి దండం కూడా పెట్టలేదు. అతనికి అది తప్పుగా తోచలేదు.

వరండా చివర టైపిస్టు అక్కయ్య మెషీన్ మీద గుడ్డ కప్పుతోంది. అప్పట్లో అతని విడాకుల పిటిషన్ టైపు కొట్టింది కూడా ఆవిడే.

"నా గుట్టు ఆవిడకి చెప్పేశావే అక్కయ్యా."

"చెప్పాను. ఎన్నాళ్లు చూస్తూ ఊరుకోమంటావు తమ్ముడూ? విడిపోయిన పెళ్లాం గుర్తొస్తే ఆ పిల్లకే ఫోను చేసి ఏడువు. ఊళ్లోవాళ్ల ఉసురెందుకు?" అని ఒక చీటీ మీద నంబరు రాసి చేతిలో పెట్టింది.

ఒంటిగంట భోజన విరామం. వరండా ఖాళీ అయింది. అతను స్తంభానికి ఆనుకుని, రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కాడు.

"ఎవరండీ?"

"నేను."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు.

"తెలిసింది. గొంతు మారలేదు. ఒంట్లో బాగుంటోందా?"

"బాగానే ఉంది."

"ఏదన్నా కాగితం మీద సంతకం కావాలా?"

లాయరు ఫోను చేస్తే ఎవరైనా అలాగే అడుగుతారు.

"కాగితమేం లేదు. నువ్వు గుర్తొస్తుంటావు. ఇన్నేళ్లూ గుర్తొస్తూనే ఉన్నావు. అది చెబుదామని."

గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినబడింది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఆ పిటిషన్ నేను మూడుసార్లు చదివాను, తెలుసా? చదవడమే కదా నా పని. సంతకం పెట్టేముందు ఒక్క తప్పు దొరికితే చాలనుకున్నాను. కామా కూడా దొరకలేదు."

అతను స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"దొరికుంటే?"

"దొరికుంటే దిద్దుకోడానికి ఇంటికి వచ్చేవాళ్లం కదా," అంది. తర్వాత మామూలు గొంతుతో, "ఉంటాను మరి. ఆయన అన్నానికి కూర్చున్నారు," అంది.