మంగళవారపు నొప్పి

పసుపు మరక ఇంకా పోలేదే, ఆ పంచెతో పాటు ఈ చొక్కాను కూడా మిద్దె మీద ఎండలో వేసి ఉండాల్సింది, అనుకుంటూ పూంగావనం డాక్టరు గది బయట బెంచీ మీద మొగుడి చొక్కా చేతిని పైకి మడిచింది, సూది గుచ్చినచోట దూది ఇంకా అతుక్కునే ఉంది, మాదప్పన్ నవ్వాడు, నా రత్తం మంచిదంటనే, ఊరికే ఇచ్చేసినాము, అమ్మింటే టిఫినుకన్నా వచ్చుండును, లెయ్యి పోదాం, రేపు సోగత్తూరు బావిలో రాళ్ళు తియ్యల్ల, అన్నాడు, మందు చీటీ తెచ్చుకుని పోదాం ఉండు మామా అంది, లోపల డాక్టరు తమిళంలో చెప్పిందంతా తలలో చిక్కుపడిపోయింది, గుండెకు దెబ్బ తగిలితే దాని కండలోంచి ఏదో కారి రక్తంలో కలుస్తుందట, ఎస్‌జీవోటీ అనో ఏదో పేరు, నిన్న వచ్చిన నొప్పి గుండెదే అయితే ఈ రోజు రక్తంలో అది పెరిగి కనపడాలట, పెరగలేదు కాబట్టి గ్యాసు అయి ఉంటుందట, నాలుగైదు రోజుల కిందటిదైతే వేరే మాట, ఈపాటికి దిగిపోయి ఉంటుంది అని కూడా అన్నాడు, ఏది దిగిపోతుంది, నొప్పా, దెబ్బా, రక్తం అబద్ధం చెప్పదు కదా, చెప్పదు, కానీ మంగళవారం సంగతి రక్తానికి తెలుసా.

మంగళవారం, ఈ రోజుకు నాలుగు రోజులు, ఆయన చేతికి కాపు ఉంది, అమ్మవారి కోసం కట్టిన పసుపు దారం, తల మీద అమ్మవారి పూల కుండ, కరగం, పలకల డప్పుల మోతలో బజారు మలుపు దగ్గర ఒళ్ళంతా వణికింది, చెమట ధారగా కారింది, అమ్మ వచ్చినాది అని జనమంతా చేతులెత్తారు, తనూ వేపాకు విసిరి ఆయన కాళ్ళకు పసుపు నీళ్ళు పోసింది, ఒక చెయ్యి కుండను పట్టుకుని ఉంటే రెండో చెయ్యి ఎదను ఎందుకు నొక్కుకుంటోంది అని ఒక్క క్షణం అనిపించింది, అంతలోనే చెంపలు వేసుకుంది, ఇంటికి వచ్చాక గోడకు ఆనుకుని ఆయనే అన్నాడు, లోపల ఎవరో బండ పెట్టినట్టుండె పూంగా, దవడ దాకా లాగింది, అంతే, ఇంట్లో పెద్దది, అవ్వ వచ్చి ఆయన నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది, అమ్మ కుండ ఎత్తినోడికి నొప్పి అంటే ఇంట్లో లోపం ఉందంటారు, వచ్చే ఏడు కరగం వేరే ఇంటికి పోతుంది, ఎవురికీ చెప్పాకండి, అంది, చెప్పలేదు, కాపు విప్పాక నిన్న మెట్లెక్కుతుంటే మళ్ళీ కొంచెం పట్టింది, అందుకే కదా లాక్కొచ్చింది, డాక్టరు ఎప్పటి నుంచి అంటే ఆయన నిన్నే అన్నాడు, తను తల ఊపింది.

రక్తం బాగుందంటే అమ్మే కాపాడిందేమో, అప్పుడు వణికింది అమ్మే అయితే ఈ నొప్పి ఏమిటి, నొప్పే అయితే తను మొక్కింది దేనికి, ఏమే, ఇక్కడే కాపురం పెడతావా, అంటూ ఆయన లేచాడు, లేస్తూ ఎద మీద అదే చెయ్యి, మళ్ళీ వెంటనే జేబులోకి, బీడీ వెతుక్కుంటున్నట్టు, రేపు బావిలో రాయి ఎత్తుతూ కూడా ఇలాగే దాస్తాడు, మంగళవారం కట్టుకున్న పంచె మిద్దె మీద తెల్లగా ఆరింది, నిన్న మడిచి పెట్టింది తనే, అంత పసుపు నీళ్ళు పోసిన పంచె, చూసినవాళ్ళెవరైనా దీనికి పసుపు తగలనే లేదంటారు, ఎండలో రోజులు గడిచాయి కాబట్టి పోయింది, అంతే.

అంతేనా, అదేనా డాక్టరు దిగిపోతుంది అన్నది.

పూంగావనం మొగుడి చొక్కా చేతిని వదిలేసి లేచింది, కరగం ఎవరింటికి పోయినా పోనీ, డాక్టరు గది తెర పక్కకు తీసింది, నిన్న కాదు డాక్టరయ్యా, మంగళవారం.