నలభై ఒకటో నెంబరు కుండీ

ఫెమ్మీ ఇంటి కిటికీ మీద వాలాలంటే ఈగ కూడా కాళ్ళు తుడుచుకోవాలని హిల్లెహోమ్ ఊళ్ళో ఒక మాట ఉంది. అంత శుభ్రం మనిషి. ఆ శుభ్రమే ఆ మంగళవారం ఆమె కొంప ముంచింది.

గుండె ఆపరేషన్ అయిన భర్త లుబ్బర్ట్ శుక్రవారం ఇంటికొస్తున్నాడు. చూడ్డానికి పదిమంది వస్తారు. అందరూ మూడో అంతస్తు వరండా మీదుగానే లోపలికి రావాలి. అక్కడేమో పూలు రాలిన కుండీలు, వేలాడే పసుపు ఆకులు. నేల కడగడానికి కుండీలన్నీ అటూ ఇటూ జరిపింది. వంటింటి కత్తెర తెచ్చి ఎండిన ఆకులు తీసేయడం మొదలుపెట్టింది. చెయ్యి ఊపందుకుంది. చివరి కుండీలో ఆకుల్ని కూడా మొదలంటా కత్తిరించి మట్టి సర్దుతుంటే వేలికి చిన్న చెక్కముక్క తగిలింది. దాని మీద లుబ్బర్ట్ పెన్సిల్‌తో రాసిన అంకె, 41.

ఫెమ్మీ కత్తెర కింద పెట్టేసింది.

లుబ్బర్ట్ నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ తులిప్ పొలాల్లో నడుం వంచిన మనిషి. రిటైరయ్యాక తనదంటూ ఒక పువ్వుండాలని విత్తనాలు నాటాడు. వంద మొక్కల్లో చివరికి మిగిలింది ఒక్కటే, నలభై ఒకటోది. ఏడేళ్ళకు, మొన్న ఏప్రిల్లో, మొదటిసారి పూసింది. లేత పసుపు, అంచున ఊదా. అలాంటిది లోకంలో ఇంకోటి లేదు. పువ్వు వాడగానే దాని తల తనే తుంచేసి, ఆసుపత్రికి బయల్దేరుతూ చెప్పాడు.

"పువ్వయిపోయాకే అసలు పని, ఫెమ్మీ. ఆకులు వండిపెడితేనే మట్టిలో గడ్డ తినేది. వాటంతటవి ఎండి, పట్టుకుంటే ఊడొచ్చేదాకా ముట్టుకోకు. పసుపెక్కేకొద్దీ నీళ్ళు తగ్గించు. నీ శుభ్రం మాత్రం దాని దగ్గర చూపించకు."

"నేనేమన్నా పిచ్చిదాన్నా?" అంది అప్పుడు.

ఇప్పుడు చెత్తబుట్టలోంచి ఆ ఆకుల్ని ఏరి చూసింది. చివర్లే పసుపు. తక్కినదంతా పచ్చగా, కోసిన చోట ఇంకా తడిగా ఉంది. అయ్యో నా చేతులు విరగ, అని తనని తానే తిట్టుకుంది.

సాయంత్రం ఐదింటికి ఆసుపత్రి నుంచి లుబ్బర్ట్ ఫోను చేశాడు. పెళ్ళాం ఎలా ఉందో తర్వాత, ముందు కుండీ సంగతి.

"ఆకులెలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయి."

"పసుపు ఎక్కడిదాకా దిగింది?"

"సగం దాకా."

"అప్పుడేనా? నీళ్ళు ఎక్కువ పోస్తున్నావా ఏంటి?"

"లేదు లేదు. సగం కంటే తక్కువే."

ఫోను పెట్టేసింది. మనసు కష్టపెట్టే మాటేదీ కొన్నాళ్ళు ఆయన చెవిన పడనివ్వొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది. చెబితే ఆయన గుండె ఏమవుతుందో. చెప్పకపోతే ఎన్నాళ్ళు దాగుతుంది?

పక్కింటి యాకోమీన తులిప్ గడ్డలు ఒలిచే షెడ్డులో ముప్పై ఏళ్ళు పనిచేసింది. అంతా విని తాపీగా కాఫీ చప్పరించింది.

"ఆ ముసలాడికి చెప్పావంటే మళ్ళీ గుండె కోయించుకోవాలి. నా కుండీ ఒకటి పట్టుకుపో. పువ్వు లేకపోతే తులిప్పులన్నీ ఒకటే."

"వచ్చే ఏడు ఎర్రగా పూస్తే?"

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూసుకో."

ఫెమ్మీ పట్టుకుపోయింది. చెక్కముక్కను అందులో గుచ్చి, అసలు కుండీని బట్టలుతికే మెషీను వెనక దాచింది. ఇక రెండు రోజులూ అదే ధ్యాస. గంటకోసారి మెషీను వెనక్కి తొంగిచూసేది. ఆ మోడుకు నీళ్ళు పోస్తే కుళ్ళుతుందేమోనని భయం, పొయ్యకపోతే ఎండుతుందేమోనని భయం.

శుక్రవారం లుబ్బర్ట్ వచ్చాడు. కోటు కూడా విప్పకుండా, చక్రాల ఊతబండి తోసుకుంటూ తిన్నగా కుండీల దగ్గరికే వెళ్ళాడు. వంగి ఆకును వేళ్ళతో నిమిరాడు. నలభై ఏళ్ళ అనుభవం కూడా మొక్క మారిందని పసిగట్టలేదు.

"భలే చూసుకున్నావే. నీ చేతుల్లో పెట్టి తప్పు చేశానని రోజూ అనుకున్నాను. క్షమించు, ఫెమ్మీ."

తిట్టి ఉంటే ఓర్చుకునేది. క్షమించమనేసరికి ఆమె వల్ల కాలేదు.

"అది నీది కాదు. యాకోమీనది. నీది నేను కత్తిరించేశాను, మొదలంటా."

అసలు కుండీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆమె చూపంతా చొక్కా కింద కుట్లున్న చోటే ఉంది. లుబ్బర్ట్ ముఖం పాలిపోయింది. కుర్చీ లాగితే కూర్చున్నాడు.

"ఎప్పుడు?"

"మంగళవారం."

"పచ్చగానే ఉన్నాయా?"

"ఉన్నాయి. మాత్ర తేనా? డాక్టర్ని పిలవనా?"

"కాసేపు నోరు మూసుకో. ఆలోచించుకోనీ."

మట్టిలోకి వేలు దింపి గడ్డను చాలాసేపు తడిమాడు.

"గట్టిగానే ఉంది, చావలేదు. కానీ తిండి చాలక చిక్కిపోతుంది. వచ్చే ఏడు ఒట్టి ఆకు. ఆపై ఏడూ అంతే. మళ్ళీ పూయడానికి మూడేళ్ళు పడుతుంది."

"నన్ను తిట్టు, లుబ్బర్ట్."

"తిడతాలే, తొందరేముంది." చేతికంటిన మట్టిని కోటుకే తుడుచుకున్నాడు. "పువ్వు చూసేశాను కదా, ఇక ఆ ఆపరేషన్ బల్ల మీదే పోయినా ఫరవాలేదనుకున్నాను. మత్తు ఇచ్చేటప్పుడు కూడా అదే అనుకున్నాను. ఇప్పుడెలా పోతాను? నీకప్పగించి పోతే మళ్ళీ కత్తెర తెస్తావు."

ఫెమ్మీకి మూడు రోజులుగా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. ముక్కు ఎగబీలుస్తూనే అడిగింది.

"మూడేళ్ళకీ పూయకపోతే?"

"నాలుగో ఏడు చూద్దాం. ముందు కాఫీ పెట్టు," అన్నాడు లుబ్బర్ట్.