కేషా తీసిచ్చిన వైపర్లు

ఇప్పుడు మా వీధిలో మంచు పడే రోజుల్లో కార్లన్నీ, అద్దానికి అంటుకుపోకుండా, వైపర్లు పైకెత్తుకుని నిలబడి ఉంటాయి, చెవులు నిక్కబొడిచిన కుందేళ్ళలాగా. వాటినలా వదిలేసి సొంతదారులు హాయిగా పోయి పడుకుంటారు. పొద్దున్నే వచ్చి చూస్తే వైపర్లు ఉంటాయి కూడాను! మా కాలంలో అలా వదిలితే తెల్లారేసరికి ఉత్త కడ్డీలు మిగిలేవి. రష్యాలో మా పెర్మ్ ఊళ్ళో అందరూ దొంగలని కాదు. దుకాణాల్లో వైపర్లు దొరికేవి కావు, అంతే. దొరకని వస్తువుకి కాళ్ళొస్తాయి.

అందుకని కారు ఆపగానే మగవాళ్ళు చేసే మొదటి పని వైపర్లు ఊడదీసి జేబులో వేసుకోవడం. దారిలో వానో మంచో మొదలైతే కార్లన్నీ పక్కకి ఆగేవి. అందరూ దిగి, తడుస్తూ, తిట్టుకుంటూ వైపర్లు తగిలించుకునేవాళ్ళు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళు. ఎవరేమన్నా అననీ, నాకా రోజులంటేనే ఇష్టం.

మా ఆయన సవేలి ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. ఏడేళ్ళు వరసలో కాచుకుంటే మాకొక మాస్క్విచ్ కారు వచ్చింది. మా భవనంలోనే పక్క మెట్లదారి వైపు గదిలో ఉండే కేషాది కూడా అదే ఫ్యాక్టరీ, అదే కారు. అసలు పేరు ఇన్నొకెంతి, కానీ ఆ పేరుతో పిలిస్తే వాడే పలికేవాడు కాదు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. ప్రతి ఆదివారం మా ఇంట్లోనే పెల్మెని, అంటే మాంసం కూరిన ఉడుకుడు కజ్జికాయలు, తినేవాడు. తిన్నంతసేపూ వంకలు పెట్టేవాడు. "ఫాయా, వీటిలో మాంసం పెట్టావా, మాంసం గురించి చెప్పి మూసేశావా?" అనేవాడు. "తినేది నలభై, మళ్ళీ నోరొకటి" అనేదాన్ని నేను. వాడు రాని ఆదివారం ఇల్లు ఇల్లులా ఉండేది కాదు.

వైపర్ల విషయంలో ఇద్దరూ మహా పండితులు. చలికి బిగుసుకుపోయే రబ్బరు మాకు పనికిరాదు. అద్దం మీద గీతలు గీస్తుందే తప్ప మంచు తుడవదు. అందుకని కొత్త బ్లేడు ఏది దొరికినా రాత్రంతా రెండు వరసల కిటికీ అద్దాల మధ్య చలిలో పెట్టేవాళ్ళు. పొద్దున్నే తీసి వేలితో వంచేవాళ్ళు. మెత్తగా వంగితే చలికాలానిది, కర్రలా నిలబడితే వేసవిది. తర్వాత వోడ్కాలో తడిపిన గుడ్డతో అంచు తుడవడం, రబ్బరుకో చుక్క, తమకో గుక్క. పైన గ్లిజరిన్ పూత. "అద్దం మీద మంచుగడ్డ గీకకుండా వైపరు తిప్పేవాడిని జైల్లో పెట్టాలి" అని కేషా తీర్పు.

ఎనభై ఒకటో సంవత్సరం అక్టోబరులో సవేలికి ఎస్టోనియాలోని తల్లిన్ నుంచి వాళ్ళ మేనమామ కొడుకు ఒక జత పంపాడు. వెన్నలాంటి రబ్బరు! మా ఆయన వాటిని రోజూ సాయంత్రం పట్టుకొచ్చి నా చేతికిచ్చేవాడు, నేను వంటింటి అలమారులో పెట్టేదాన్ని. నాక్కూడా అంత మర్యాద జరగలేదు ఆ ఇంట్లో.

ఒక శనివారం నేను కిటికీలు మూస్తున్నాను. మా కిటికీలకి రెండు వరసల అద్దాలు, మధ్యలో జానెడు ఖాళీ. చలి ముదరకముందే ఆ ఖాళీలో పత్తి పరిచి, అందానికి ఎర్ర పళ్ళ గుత్తులు నాలుగు పెట్టి, సందులన్నిటికీ పిండి జిగురుతో కాగితపు పట్టీలు అంటించేస్తాం. మళ్ళీ ఏప్రిల్ దాకా తెరిచేది లేదు. చేతులనిండా జిగురు. అంతలో మా ఆయన వచ్చి వైపర్లు అందించాడు. ఒక్క నిమిషమని అద్దాల మధ్య గట్టు మీద పెట్టాను. పొయ్యి మీద సూపు పొంగింది. పరిగెత్తాను, వచ్చాను, పత్తి పరిచాను, పట్టీలు అంటించాను.

ఆదివారం పొద్దున్న "ఏవే, వైపర్లేవీ?" అన్నాడు.

"నాకెప్పుడిచ్చావు? నీ జేబులు చూసుకో." అబద్ధం కాదు, నాకు నిజంగానే గుర్తులేదు.

"కారుకే వదిలేశానా ఏంటి!" అంటూ టోపీ కూడా పెట్టుకోకుండా కిందకి దిగాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. మా కారుకి ఉత్త కడ్డీలు. పక్కనే కేషా తన కారుకి కొత్త వైపర్లు తగిలిస్తున్నాడు. అదే తల్లిన్ రబ్బరు.

"ఎక్కడివిరా ఇవి?"

"రైలు కండక్టరు ఒకడు తెచ్చిచ్చాడు. నీకు చూపించి ఏడిపిద్దామని వారం నుంచీ దాచాను."

"వారం నుంచా, రాత్రి నుంచా?"

పెరట్లో బెంచీల మీద ముసలాళ్ళంతా ఉన్నారు. మా ఆయనకి కోపమొస్తే ముందూ వెనకా ఉండదు. తిన్న ఇంటికే కన్నం వేశావన్నాడు, ఇంకా చాలా అన్నాడు. కేషా తగిలించిన వైపర్లు రెండూ ఊడదీసి సవేలి చేతిలో పెట్టాడు. "తీసుకోరా. నీ మనసు కుదుటపడితే చాలు" అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

"చూశావా! దొంగ కాబట్టే కిక్కురుమనకుండా ఇచ్చేశాడు" అన్నాడు మా ఆయన. నేనేం తక్కువ తిన్నానా? మెట్ల మీద కనిపించిన ప్రతి ఆడదానికీ చెప్పాను, పెట్టిన చేతినే కరిచాడని.

నవంబరు రెండో తారీఖు, సోమవారం. పువ్వుల కుండీకి నీళ్ళు పోస్తూ చూశాను. కిటికీలో పత్తి ఒక మూల కుంగింది. కింద నల్లగా, వేలెడు, రబ్బరు అంచు.

మా వైపర్లే! ఆ సాయంత్రమే చెప్పాల్సింది. చెప్పలేదు. మా ఆయన నలుగురిలో అన్న మాట, నేను నలభైమందికి మోసిన మాట, అన్నీ తిరిగి మా మొహానే పడతాయి కదా. ముందు నన్నే పచ్చడి చేస్తాడు. రేపు చూద్దాం అనుకున్నాను. పువ్వుల కుండీని ఆ మూలకి జరిపి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఏడో తారీఖు విప్లవం పండగ. ప్రతి ఏడూ ఊరేగింపు నుంచి కేషా నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. ఆ రోజు మా ఆయన అలవాటు కొద్దీ మూడు గ్లాసులు పెట్టాడు. పెట్టి, ఒకటి తీసి మళ్ళీ అలమారులో పెట్టాడు. సాయంత్రం దాకా తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు, మెట్ల మీద అడుగుల చప్పుడైతే తల ఎత్తేవాడు. మాట నా నోటిదాకా వచ్చింది. ఊరగాయ దోసకాయ ముక్కతో పాటు దాన్నీ మింగేశాను.

తర్వాత వారం కింది వాటా అగ్లాయా ముసలమ్మ చెప్పింది, కేషా ఎక్కడో ఉత్తరాన సెరోవ్ ఊరికి అవతల గ్యాస్ పైపుల పనికి వెళ్ళిపోతున్నాడని, ఇరవై ఎనిమిదిన ప్రయాణమని. సవేలి విని "పోనీ" అన్నాడు. ఆ పూట సూపు ముట్టలేదు. నేను మింగలేక కక్కలేక ఇంకో రెండు వారాలు గడిపాను.

ఇరవై ఎనిమిది పొద్దున్న పెద్ద మంచు. కింద కేషా కారు మీద మూటలు కట్టుకుంటున్నాడు. తర్వాత వైపర్లు కిర్రుమన్నాయి. పాత రబ్బరు, చలికి కర్రలా అయిపోయింది. ఆ చప్పుడు మూడో అంతస్తుకి వినిపించింది. వీధి మలుపు తిరిగి కారు వెళ్ళిపోయింది.

అప్పుడు చించాను కాగితపు పట్టీలు. పత్తి లాగేశాను, పళ్ళు నేల మీద దొర్లాయి. వైపర్లు తెచ్చి సవేలి ముందు, టీ గ్లాసు పక్కన పెట్టాను.

"కిటికీలో ఉన్నాయి. నేనే పెట్టాను. ఇప్పుడే కనిపించాయి" అన్నాను.

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఒకటి తీసుకుని వేలితో వంచి చూశాడు, మెత్తగా వంగింది. తర్వాత "కోటు తొడుక్కో" అన్నాడు.

కుంగూర్ రోడ్డు మీద, ఊరు దాటాక ఉన్న పెద్ద మిట్ట దగ్గర దొరికాడు. కారు పక్కకి ఆపి, చేతి తొడుగుతో అద్దం తుడుచుకుంటున్నాడు. మా ఆయన దిగాడు. ముందు మా కారుకున్న కేషా వైపర్లు ఊడదీశాడు. వెళ్ళి కేషా కారు పాతవి తీసి అవి తగిలించడం మొదలుపెట్టాడు. కొక్కెం ఎంతకీ పట్టడం లేదు.

"తిరగేసి పెడుతున్నావురా గాడిదా" అన్నాడు కేషా.

"మావి దొరికాయి. ఇంట్లోనే" అన్నాడు సవేలి, తల ఎత్తకుండానే. "నేను మనిషిని కాదురా కేషా."

"అది నాకు ముందే తెలుసు. కార్ల విషయంలో మాత్రం బాగా పనికొస్తావు." ఇద్దరూ నవ్వారు, తర్వాత ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. సవేలి వాణ్ణి కోటుతో సహా పట్టుకుని ఊపేశాడు.

"పద, వెనక్కి తిప్పు. ఫాయా పెల్మెని చేస్తుంది. ఆ పని వద్దని రాసి పారెయ్."

"ఇంకెక్కడికి తిప్పుతాను? గది అప్పగించేశాను. మూడేళ్ళకి సంతకం పెట్టాను."

"ఎప్పుడు పెట్టావు?" నేనే అడిగాను. ఎందుకడిగానో!

"తొమ్మిదో తారీఖున" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, తేదీ అడిగితే చెప్పినట్టే చెప్పాడు. "అంతకుముందు పెట్టబుద్ధి కాలేదు ఫాయా. పండగనాడు వీడే వచ్చి తలుపు కొడతాడనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను."

మంచు మా ముగ్గురి మీదా పడుతోంది. సవేలి నా వైపు తిరిగాడు. "ఒక్క మూడు వారాల ముందు అవి నీ కంట పడి ఉంటే, ఫాయా!" అన్నాడు.

"పత్తి కిందవి ఎవరికి కనిపిస్తాయి?" అన్నాను.

కేషా మళ్ళీ రాలేదు. మూడేళ్ళు ఆరేళ్ళయ్యాయి, ఆ తర్వాత అక్కడే గుండె ఆగి పోయాడు. ఏడాదికి రెండు ఉత్తరాలు రాసేవాడు, వాటిలోనూ నా పెల్మెనికి వంకలు పెట్టేవాడు. మా ఆయన వాటిని నా చేత పైకి చదివించుకునేవాడు. చదివిన ప్రతిసారీ "నీ తప్పేం లేదులే, అరిచింది నేను" అని నన్నే ఓదార్చేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. నవంబరు రెండో తారీఖు సంగతి ఆయనకి చివరిదాకా చెప్పలేదు.