కాజ్ వ్రోబెల్ తల

లొరేటా వ్రోబెల్ ఇంటి ముందుగదిలోనే బ్యూటీ పార్లర్ నడిపేది. తూర్పు బాల్టిమోర్ ఆడవాళ్ళ జుట్టంతా ఆమె చేతుల్లోనే తేనెతుట్టెల్లా పైకి లేచేది. ఇన్ని తలలు చక్కదిద్దిన మనిషిని ఊరు మాత్రం ఒకే ఒక్క తలతో గుర్తుపెట్టుకుంది. అది ఆమె మొగుడిది. చేపల బజారులో, చర్చిలో, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర కూడా అదే పలకరింపు: "ఎవరూ, తల వ్రోబెల్ భార్యా?"

సంగతేమిటంటే, 1954 సెప్టెంబరులో ఊరి బేస్‌బాల్ జట్టు ఆయిస్టర్స్ టైటిల్ గెలవడానికి ఒకే ఒక్క క్యాచ్ మిగిలింది. బంతి ఆకాశంలోకి లేచింది. దాని కింద కాజ్ వ్రోబెల్ ఉన్నాడు. బంతి అతని చేతిలో పడలేదు. నడినెత్తిన పడి, టంగుమని ఎగిరి, కంచె దాటి పోయింది. కంచె దాటితే పరుగులు అవతలివాళ్ళవి. ఆట పోయింది, టైటిల్ పోయింది, మరుసటేడు జట్టే ఊరొదిలి పోయింది. ఆ తర్వాత ఉక్కు మిల్లులో ఉద్యోగాలు ఊడినా, వంతెన మీద ట్రాఫిక్ ఆగినా, జనం ముందు కాజ్ తలవైపే చూసేవారు.

కాజ్‌కు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి డాటీ బార్‌లో తన ఎత్తు స్టూలు మీద కూర్చునేవాడు. తండ్రులు కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు, పొరుగూళ్ళ నుంచి కొత్తజంటలు వచ్చేవి.

"ఎక్కడ తగిలిందండీ? ఇక్కడేనా?"

"కొంచెం ఎడమకి. ఆఁ, అక్కడే."

వాళ్ళు వేలి కణుపుతో టకటకమని కొట్టి చూసేవారు. ఆ వెంటనే ఒక బీరు వచ్చేది. ముప్పయ్యేళ్ళుగా కాజ్ సొంత జేబులోంచి బీరు తాగిన పాపాన పోలేదు.

అవతల బక్ హాలిస్టర్ సంగతి వేరు. ఆ జట్టులో అతనే మహారాజు. ఊళ్ళో ఒక వీధికి అతని పేరు, ఒక శాండ్‌విచ్‌కి అతని పేరు, రోడ్డు పక్క బోర్డుల మీద కార్లు అమ్ముతూ అతని పళ్ళు. ఆ ఆఖరి బంతి పడినప్పుడు అతను కాజ్‌కి పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. "బక్ వైపు వెళ్ళుంటే పట్టేసేవాడు" అని ఊరంతా ముప్పయ్యేళ్ళుగా నిట్టూరుస్తూనే ఉంది.

ఆట జరిగిన ముప్పయ్యేళ్ళకి, ఒక వేసవిలో గ్రాంట్ ఎల్లరీ అనే కాలేజీ మాస్టారు ప్రొజెక్టరు చంకన పెట్టుకుని లొరేటా ఇంటికొచ్చాడు. ఎవరి అటకమీదో పాత ఫిల్ము చుట్ట దొరికిందట. ఆ రోజు స్టాండ్‌లో కూర్చున్న ఎవరో తన చిన్న కెమెరాతో తీసిందట. లొరేటానీ కాజ్‌నీ కూర్చోబెట్టి, పార్లర్ గోడమీద హెయిర్ డ్రయ్యర్ల మధ్య బొమ్మ వేశాడు.

బొమ్మలో కుర్ర కాజ్ బంతి కిందికి సరిగ్గా వచ్చి, చేతులు చాచి నిలబడ్డాడు. బక్ పరిగెత్తుకొచ్చాడు. తప్పుకో తప్పుకో అన్నట్టు రెండు చేతులూ ఊపాడు. కాజ్ బుద్ధిగా చేతులు దించి బక్ వైపు తిరిగాడు. బక్ వెళ్ళి ఏమీ లేని చోట గాలికి చేతులు చాచాడు. బంతి దారిన అది వచ్చి కాజ్ నెత్తిన దిగింది.

"చూశారా! తప్పు మీది కాదు," అన్నాడు మాస్టారు, కళ్ళు చెమర్చగా.

కాజ్ చెమటలు పట్టిన మొహంతో, "ఆ చుట్ట ఎక్కడైనా కాలవలో పారేద్దురూ," అన్నాడు.

మాస్టారు కాలవకి కాదు, తిన్నగా పేపరు ఆఫీసుకి వెళ్ళాడు. అతను గడప దాటగానే లొరేటా దువ్వెన బల్లమీద కొట్టింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలియకేం? నాదీ నాదీ అని అరిచాడు. వదిలేశాను."

"మరి ముప్పయ్యేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావు? చర్చిలో నా వెనక బెంచీవాళ్ళు ముసిముసిగా నవ్వుతుంటే, నేనూ నిన్ను వెధవ అనుకునే కాపురం చేశాను కదయ్యా!"

"నిజం చెప్తే మంచి వెధవని అయ్యేవాణ్ణా?"

"వేళాకోళం ఆపు!"

కాజ్ కుర్చీలో కూలబడ్డాడు. "సరే, ఆ ఏడాది మన జట్టులో క్యాచ్‌లు పట్టినవాళ్ళ పేర్లు చెప్పు చూద్దాం. బక్ కాకుండా."

లొరేటా ఆలోచించింది. ఒక్కటీ తట్టలేదు.

"నేను ఆడేది అంతంతమాత్రం, లొరేటా. మరుసటేడు ఎలాగూ పీకేసేవాళ్ళు. ఆ బంతి పట్టుంటే నేనెవరో నీకు కూడా తెలిసేది కాదు. మనం కలిసిన రోజు నువ్వు నాతో అన్న మొదటి మాటేంటి?"

"నొప్పి పుట్టిందా అని," అంది లొరేటా. అని, అంత కోపంలోనూ అతని నడినెత్తి వైపు చూసింది. అక్కడ జుట్టు పలచబడి చాలా ఏళ్ళయింది. తనే రోజూ పక్కజుట్టు దువ్వి కప్పుతోంది.

శనివారం పేపర్లో ఫొటోలు వచ్చాయి. బార్‌లో కాజ్ స్టూలు ఎక్కితే పలకరించినవాడు లేడు. తల ఎవరూ తట్టలేదు. పీపాలు మోసి రిటైరైన ఎర్ల్ అనే ముసలాయన మూలనుంచి అరిచాడు: "ముప్పయ్యేళ్ళు మా బీర్లన్నీ అబద్ధం చెప్పి తాగావన్నమాట! సిగ్గులేదూ?"

"నేనెప్పుడు చెప్పానురా అబద్ధం? తగల్లేదా నాకు?"

"తగిలితే సరా! తప్పు కూడా నీదై ఉండాలి!"

బార్ నడిపే డాటీ బిల్లు తెచ్చి కాజ్ ముందు పెట్టింది. "ఏమనుకోకు బంగారం. ఇవాళ్టి నుంచి నువ్వూ అందరిలాంటివాడివే." కాజ్ ఆ కాగితం వైపు ఆసుపత్రి రిపోర్టు చూసినట్టు చూశాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సోమవారం పొద్దున బక్ హాలిస్టర్ పొడుగాటి తెల్లకారులో దిగాడు. లొరేటా ఒకావిడ జుట్టుకి రోలర్లు చుడుతోంది. బోర్డులమీద నల్లగా నిగనిగలాడే బక్ జుట్టు విగ్గని ఆమె గుమ్మంలోనే కనిపెట్టింది. అదీ నాసిరకం.

"కాజ్, తమ్ముడూ," అన్నాడు బక్, "ఆ ఫిల్ము తప్పని పేపరువాళ్ళకి ఒక్క మాట చెప్పవూ? షోరూముకి వచ్చినవాళ్ళు కార్లు చూడటం మానేసి నన్ను చూస్తున్నారు."

"చెప్తానన్నా," అన్నాడు కాజ్, ప్రాణం లేచొచ్చినట్టు. "ఇప్పుడే చెప్తా!"

"నోరెత్తావంటే రోలర్లు నీకు చుడతాను," అంది లొరేటా. బక్ ముందుకెళ్ళి నిలబడింది. "ముందు నువ్వు చెప్పు. ఏ బంతి పట్టబోయావు అక్కడ, ఖాళీ గాల్లో?"

బక్ చేతిలో ఉన్న టోపీని గిరగిరా తిప్పాడు. రోలర్ల ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"ముందు రాత్రి బాగా తాగానమ్మా. నాకు రెండు బంతులు కనిపించాయి. నాది కానిదాన్ని నాదన్నాను."

కాజ్ పడీపడీ నవ్వాడు. ముప్పయ్యేళ్ళలో ఈ ముక్క అతనికీ తెలియదు. లొరేటా నవ్వలేదు. "ఇదే మాట శనివారం డాటీ బార్‌లో, అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే ఆ విగ్గు సంగతి నా కస్టమర్లందరికీ తెలుస్తుంది."

"విగ్గా!" అంది రోలర్ల ఆవిడ.

శనివారం బార్ కిటకిటలాడింది. బల్లలమీద పేపర్లు పరిచి, ఉడికిన పీతలు కుమ్మరించి, జనం చిన్న సుత్తులతో పెంకులు పగలగొట్టుకుని తింటున్నారు. లొరేటా చర్చికి వేసుకునే గౌనులో వచ్చి ముందు వరసలో కూర్చుంది. బక్ లేచి గొంతు సవరించుకున్నాడు. సుత్తులన్నీ ఆగాయి.

"తప్పు నాది," అన్నాడు. "నేను తాగున్నాను. కాజ్‌ని తప్పుకోమన్నది నేనే. అతను సరిగ్గానే ఉన్నాడు."

మూలనుంచి ఎర్ల్ లేచాడు. అతని కళ్ళలో నీళ్ళు.

"చూశారా?" అన్నాడు. "మనిషంటే అదీ! ఈ తలకాయగాడి పరువు కాపాడటానికి, ఈ వయసులో, అంత తప్పునీ తన నెత్తిన వేసుకుంటున్నాడు!"

బార్ ఒక్కసారిగా చప్పట్లతో దద్దరిల్లింది. "లేదు, నిజంగానే చెప్తున్నా," అన్నాడు బక్. ఎవరికీ వినపడలేదు. ఎవరో అతన్ని భుజాలమీదికి ఎత్తారు. విగ్గు పక్కకి జరిగినా ఎవరికీ పట్టలేదు. ఇంకెవరో కాజ్ దగ్గరికొచ్చి, "ఎంత అదృష్టవంతుడివిరా, అంత మంచివాడితో ఆడావు!" అంటూ నడినెత్తిన టకటకమని కొట్టారు. వెనకే ఒక బీరు వచ్చింది. దాని వెనక ఇంకోటి.

"ఫిల్ము ఉందిగా! కళ్ళు లేవా మీకు?" అని లొరేటా అరిచింది.

"ఫిల్ముదేముందమ్మా," అన్నాడు ఎర్ల్ జాలిగా. "కెమెరా పట్టుకున్నవాడు ఎక్కడ కూర్చున్నాడో ఏమో!"

లొరేటా కాజ్ వైపు తిరిగింది. అతను తల వంచి ఎవరికో బంతి తగిలిన చోటు చూపిస్తున్నాడు. మొహం మొదటిసారి బడిలో బహుమతి వచ్చిన పిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అది మధ్యలో ఎక్కడో తిరగబడి నవ్వైపోయింది. కడుపు పట్టుకుని, కళ్ళకి రాసుకున్న కాటుక కారిపోయేదాకా నవ్వింది.

అప్పుడు పీతల సుత్తి తీసుకుని బల్లమీద గట్టిగా ఒకటి వేసింది. అందరూ తిరిగి చూశారు.

"ఆయన తలని ముప్పయ్యేళ్ళుగా దువ్వుతున్నది నేను," అంది. "ఇకనుంచి ఆ తలకి ఒక బీరు కొన్నవాడు నాకూ ఒకటి కొనాల్సిందే. ఇష్టం లేనివాళ్ళు వెళ్ళి బక్ విగ్గు తట్టుకోండి."

డాటీ అప్పటికే ఆమె గ్లాసు నింపుతోంది. కాజ్ పక్క స్టూలు ఖాళీ చేయించి, అరచేత్తో తుడిచి, భార్యని కూర్చోబెట్టాడు.