వల పాకలో విచారణ

సర్కారు ఏటా రెండు నెలలు సముద్రంలో వేట ఆపిస్తుంది. చేపలు గుడ్లు పెట్టుకోవాలట. ఆ రెండు నెలలూ మొగుళ్లు ఇంట్లో కూర్చుంటే ఆడవాళ్ల గతి ఏమిటో ఏ ఆఫీసరూ ఆలోచించడు. 2016లో వేట ఆగిన మూడో రోజుకే మా ఆయన ఎల్లాజీ ఇంటికి పెద్ద అధికారి అయిపోయాడు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి చీపురు ఏ మూల పెట్టాలన్నదాకా అన్నీ ఆయనే చెప్పాలి. నాలుగో రోజున ఆయన కన్ను వల పాక మీద పడింది.

పాకలో ఒక మూల వల, ఇంకో మూల కోళ్ల గంప, మధ్యలో రెండు పిల్లులు. మా అత్త హయాం నుంచీ అంతే. పొద్దున్నే ముందు పిల్లులకు ఇన్ని ఎండుచేపల తలలు పడేసి, అవి తిన్నాకే గంప ఎత్తుతాం. కడుపు నిండిన పిల్లి కోడిపిల్లల వంక చూడదు. పైగా తల్లికోడి ఒక్కసారి ముక్కు మీద పొడిచిందంటే చచ్చేదాకా మరిచిపోదు.

ఆ వారం రెండు కోడిపిల్లలు కనబడకుండా పోయాయి. మా ఆయన పాక ముందు మంచం వేసుకుని విచారణ మొదలుపెట్టాడు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఒకటి సాక్ష్యం కింద చూపించాడు. ఏదో పిల్లి ఎవరిదో చిలకను పట్టుకుపోతోంది అందులో.

“ఒసే దుర్గా, పిల్లినీ కోడినీ ఒకే పాకలో ఎట్టినోళ్లకి బుర్రున్నాదేటి?”

“పిల్లులు లేపోతే ఎలకలు వలని కొరికేత్తాయి మావా. వల పోతే ఏటి తింటాం?”

“ఎలకలు నైలాన్ తింటాయేటే? అదంతా నూలు వలల రోజుల్లో మాట.”

పుట్టినప్పటి నుంచీ పాకలో పిల్లులు ఉండబట్టి, ఎలుకలు కొట్టిన వలను ఆయన కంటితో చూసి ఎరగడు. తను చూడనిది లోకంలో లేదని ఆ మహానుభావుడి నమ్మకం. పిల్లులు రెండింటినీ గోనెసంచిలో కట్టి, బండి మీద తీసుకెళ్లి నెల్లిమర్ల అవతల వదిలేసి వచ్చాడు. వస్తూ దారిలో బజ్జీలు కూడా తిన్నాడట.

మర్నాడే మూడో కోడిపిల్ల పోయింది. నా కళ్లెదుటే గద్ద తన్నుకుపోయింది. ఆ మాటే చెప్పాను. ఆయన క్షణం కూడా తడుముకోలేదు.

“దానికి అలవాటు సేసింది ఆ పిల్లులే,” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నెల తిరక్కుండానే పాకలో ఎలుకలు పట్టపగలు తిరగసాగాయి. నలుగురిని పిలిచి వల విప్పి చూడమని రోజూ పోరాను. మడతపెట్టిన వలను కదపకూడదని రోజూ అదే జవాబు.

వేటకు వెళ్లే ముందు రోజు వలను ఇసుకలో పరిచారు. మధ్యలో మనిషి దూరేంత కంత. దాని పక్కన ఇంకోటి. ఆఖరి మడతలో, కొరికిన నైలాను పీచు మీద, కళ్లు తెరవని ఎలుకపిల్లలు ఆరు హాయిగా పడుకుని ఉన్నాయి.

“నువ్వన్నట్టే తినలేదు మావా. పరుపేసుకున్నాయి,” అన్నాను.

రెండు నెలలు గంజితో నెట్టుకొచ్చింది ఆ మొదటి రోజు వేట కోసమే. ఆ రోజు పడినన్ని చేపలు మళ్లీ ఏడాదంతా పడవు.

తెల్లారి పేటలోని పడవలన్నీ వెళ్లాయి. మాది ఒడ్డునే ఉంది. మా ఆయన గుమ్మంలో కూర్చుని వల కుట్టుకుంటూ, ఈ రోజుల్లో నైలాను కంపెనీలు ఎంత మోసం చేస్తున్నాయో అడగని వాళ్లకు కూడా చెప్పాడు.

సాయంత్రం పక్కింటి కూర్మమ్మ తట్ట ఎత్తుకుని వచ్చింది. వాళ్లాయన పడవ నిండా చేపలు తెచ్చాడు. మొదటి వేట నాడు, సముద్రం మీదికి వెళ్లే మగవాడు లేని ఇళ్లకు కూరకని ఇన్ని చేపలు పంచడం మా పేటలో ఆనవాయితీ. మొగుడు పోయి పదేళ్లయిన తాతమ్మకు ఇచ్చింది. ఒంటరిగా ఉండే ముసలి బుల్లమ్మకు ఇచ్చింది. తర్వాత మా గుమ్మం ముందు ఆగింది.

“గిన్నె తే దుర్గా.”

“మాకెందుకే? నేనున్నాను గదా ఇంట్లో,” అన్నాడు మా ఆయన.

“ఉన్నావులే బావా. అందుకే తెచ్చాను,” అంది కూర్మమ్మ.

నేను లోపలికి వెళ్లి, ఇంట్లో ఉన్న గిన్నెల్లోకెల్లా పెద్దది తెచ్చి పట్టాను.