క్రిస్మస్ తాత గడ్డం చెప్పిన సంగతి

నేను ఒక గడ్డాన్ని. ముఖం లేని గడ్డానికీ ఒక బతుకేనా అని నవ్వకండి. ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులు బిస్కెట్ల రేకు డబ్బాలో పడి ఉంటాను, నిజమే. మిగిలిన ఆ ఒక్క రోజు మాత్రం చీరాల చర్చి వీధి పిల్లలందరూ నన్ను చూసి నోళ్ళు తెరుస్తారు. అలాంటి రోజు ఒక్కటైనా ఉన్న మనుషులు ఎందరో నాకు తెలియదు.

ఈ సంగతి మొదలైన రోజు నేను డబ్బాలో లేను, సంచిలో ఉన్నాను. వెల్డరు కృపాదానం అస్సాంలో వంతెన పనికి బయలుదేరుతున్నాడు. అతని తల్లి కరుణమ్మ సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, లుంగీ, చిన్న బైబిలు, గోంగూర పచ్చడి సీసా. సీసా మూత ఊడుతుందేమోనని గుడ్డ చుట్టింది. గుడ్డ జారుతుందేమోనని దారం కట్టింది. ఆ దారం తెగుతుందేమోనని చేతికందిన దూది తెచ్చి చుట్టూ కుక్కింది. ఆ దూది నేనే.

"అత్తయ్యా, అది తాత గడ్డం!" అని కోడలు సువార్త కేకేసింది.

"గడ్డమైతే ఏందే? సీసా పగిలితే నా కొడుకు పచ్చడి చొక్కాలతో పన్లోకి పోవాల్నా?"

"గడ్డానికి పచ్చడంటితే పిల్లలకేం చూపిస్తాం?"

సువార్త నన్ను బయటికి లాగి, నా చోట పాత పేపర్లు పెట్టింది. కృపాదానం నవ్వుతూ సంచి భుజానికెత్తుకుని, ఈస్టరుకి వస్తానని కూతురు దొర్కా చేతిలో చెయ్యి వేసి వెళ్ళాడు. సంచుల్ని చూస్తే నాకు ఇప్పటికీ గుబులే. ఎంత బాగా సర్దినా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది.

నా పుట్టుక గురించి చెప్పలేదు కదూ. నన్ను చేసింది పరుపులు కుట్టే నాగూర్ సాయిబు. "తాత గడ్డం ఎంత పొడుగుండాలి?" అని ఆయన అడిగితే కృపాదానం తెల్లమొహం వేశాడు. తాతను చూసినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. చివరికి సాయిబు అద్దం ముందు నిలబడి తన గడ్డాన్నే కొలిచి, దానికి రెండు వేళ్ళు కలిపాడు. "పెద్దాయన గదా" అన్నాడు. దూది ఏకి, మీసంతో సహా పలచటి గుడ్డ మీద పరిచి కుట్టి, చెవులకు తగిలించడానికి దారాలు పెట్టాడు. అలా ఒక సాయిబు గడ్డం చూసి క్రిస్మస్ తాత గడ్డం పుట్టింది. మనుషులు ఇలాంటివి చేసి కూడా తామేదో వేరు వేరు అనుకుంటారు.

నాలుగేళ్ళు కృపాదానమే నన్ను తగిలించుకున్నాడు. ఏటా సండే స్కూలు పండుగనాడు మధ్యాహ్నం నాలుగింటికి గంట మోగించుకుంటూ వచ్చి, పిల్లలకు చాక్లెట్లు పంచేవాడు. దూది ముక్కులోకి పోయి సరిగ్గా మూడు తుమ్ములు తుమ్మేవాడు. దొర్కాకు ఇప్పుడు ఏడేళ్ళు. ముందు వరసలో కూర్చుని ఆ తుమ్ములు లెక్కపెట్టేది.

"నాన్నా, నీకూ తాతకీ మూడే తుమ్ములెందుకొస్తాయి?"

"ఇద్దరికీ దుమ్ము పడదు తల్లీ."

ఆ జవాబుతో ఆ పిల్ల ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. కానీ పక్కింటి ప్రమీలకు పదేళ్ళు వచ్చాయి. పదేళ్ళు వచ్చినవాళ్ళు ఊరుకోరు.

"మీ నాన్నేనే తాత! ఈ ఏడు మీ నాన్న ఊళ్ళో లేడు గదా, తాత కూడా రాడు, చూస్కో."

దొర్కా పరుగున ఇంటికొచ్చింది. "నాయనమ్మా, తాత వస్తాడు గదా? వస్తాడని అందరికీ చెప్పా, రాకపోతే సండే స్కూలంతా నన్ను అబద్ధాలకోరంటారు."

"ఎందుకు రాడూ, వస్తాడు" అనేసింది కరుణమ్మ. అనేశాక సువార్తతో కూర్చుని వీధిలో మగవాళ్ళందరినీ లెక్కపెట్టింది. ఎవరికి తగిలించాలి నన్ను? డ్రిల్లు మాస్టారికి కాలు ఈడుపు. కంపౌండరు నవ్వితే వీధి చివరిదాకా వినపడుతుంది. చర్చి వీధిలో ప్రతి మగవాడి నడకా పిల్లలకు కంఠతా వచ్చు.

"నేనైతే?" అంది కరుణమ్మ. "నన్నెవరనుమానిస్తారు?"

గాజులు సబ్బు రాసి తీశారు. ముక్కుపుడక ఎంత లాగినా రాలేదు. నా మీసాన్ని పైకి జరిపి దాన్ని కప్పారు. సువార్త మరీ మరీ చెప్పింది: "గంట ఊపండి, చాలు. నోరు మాత్రం తెరవమాకండి."

నాలుగింటికి తాత వచ్చాడు. కొంచెం పొట్టిగా, కొంచెం వంగి, ఎర్ర అంగీ కాళ్ళకు తట్టుకుంటుంటే ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో గంట ఊపుతూ వచ్చాడు. చీర కుచ్చిళ్ళు పట్టుకునే అలవాటు అది. ఎవరూ గమనించలేదు. ప్రమీల నోరు తెరిచింది, మూయలేదు. దొర్కా లేచి నిలబడి, వెనక్కి తిరిగి, మొత్తం సండే స్కూలును ఒకసారి కలయజూసింది. ఆ రోజు ఆ పిల్లంత గొప్పవాళ్ళు చీరాలలో లేరు.

అంతా గెలిచామనుకున్నాం. వరసలో దొర్కా వంతు వచ్చింది. చాక్లెట్టు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"నాకు చాక్లెట్లొద్దు తాతా. ప్రమీల అంటే నువ్వు మా నాన్నవేమో అనుకున్నా. కాదు, నువ్వు నిజంగానే ఉన్నావు. అయితే మా నాన్నని తీసుకురా. అస్సాంలో వంతెన కాడ ఉంటాడు."

గంట ఆగిపోయింది. నేను కరుణమ్మ పెదవుల మీదే ఉన్నాను కాబట్టి మాట ఎటు మళ్ళేదీ అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది. మొదట 'తెస్తాను' అన్న మాట వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"అది నా చేతకాదు, నా తల్లే."

దొర్కా తలెత్తి చూసింది. నా మీసం పక్కకు జరిగి ముక్కుపుడక మెరిసింది. అయిపోయింది, ఇక ఈ పిల్ల అరుస్తుంది అనుకున్నాను.

"ఏమంటన్నాడే తాత?" అని వెనక నుంచి ప్రమీల పొడిచింది.

"గొంతు పట్టేసిందంట, మాట్లాడించమాక" అంది దొర్కా. "జరుగు, నీ చాక్లెట్ నువ్వు తీస్కో."

ఇంటికొచ్చాక నేను కరుణమ్మ ఒడిలో ఉన్నాను. ఆమె నా చిక్కులు తీస్తోంది. దొర్కా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అయితే నాన్నే తాత."

"అవును."

"అంతా అబద్ధం."

"అబద్ధం కాదే, ఆట."

"ఆటైతే నాకెందుకు చెప్పలా? నన్ను చేర్చుకోకుండా నాతో ఆడతారా?"

కరుణమ్మ తల వంచుకుని నా దారాల ముడి విప్పింది.

"నాన్న ఈస్టరుకి వస్తానన్నది? అదీ ఆటేనా?"

"కాదు. అది నిజంగా అన్నాడు."

"వస్తాడా మరి?"

మధ్యాహ్నం మింగిన మాట మళ్ళీ ఆమె గొంతులోకి వచ్చి ఉంటుంది. "రావాలని నాకూ ఉంది తల్లీ. వస్తాడని నేను చెప్పలేను" అంది. దొర్కా లేచి వచ్చి, నాలోంచి ఊడిన దూది ముక్కను జాగ్రత్తగా నాకు అతికించింది.

మరుసటి డిసెంబరులో నన్ను కంపౌండరుకు తగిలించారు. అంగీ బొత్తాలు పెట్టిందీ, నవ్వొద్దని హెచ్చరించిందీ దొర్కాయే. ఎనిమిదేళ్ళకే ఆటలో చేరిపోయింది. ఒక బుడ్డది వచ్చి ఆమె గౌను పట్టుకుని అడిగింది: "అక్కా, తాత నిజంగా ఉన్నాడా?"

"ఉన్నాడే. గానీ చాక్లెట్లే అడుగు. మనుషుల్ని అడగమాక."

కృపాదానం 1983 డిసెంబరు తొమ్మిదిన వెళ్ళాడు. 1984 మార్చి పదిహేడున వంతెన మీద నుంచి నదిలో పడ్డాడు. తిరిగి రాలేదు.