నురగ గుడ్డ

గాలికుంటు గురించి చెప్పమంటే పరీక్షలో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఏ ఏ పశువులకి వస్తుంది, వైరస్సులో ఎన్ని రకాలు, నోట్లో బొబ్బలు ఎక్కడ లేస్తాయి, గిట్టల సందులో ఏమవుతుంది, అన్నీ. చివర్లో ప్రొఫెసరమ్మ, "మరి పాలు తాగే పిల్లల్లో?" అని అడిగింది. "వాటిలో నోరు పూసేలోపే గుండె పోతుంది. కోసి చూస్తే గుండె మీద పులిచారలు కనపడతాయి" అన్నాను. ఆవిడ తల ఊపి మంచి మార్కులు వేసింది. ఆ సంబరంలో బజారుకి పోయి అత్తగారికి పూల తలగుడ్డ కొన్నాను.

నాది ఇంట్లో ఉండి చదివే చదువు. ఏడాదికి రెండుసార్లు నగరానికి వెళ్ళి పాఠాలు విని, పరీక్షలిచ్చి, మళ్ళీ మా నారిన్ కొండల్లోకి వచ్చి గొర్రెల వెంట పడాలి. అత్తగారు కాలీబూబూ దీనికి 'కోడలి షికారు' అని పేరు పెట్టింది. "గొర్రెకి రోగమొస్తే గొర్రే చెబుతుంది గదే సోనున్, నగరంలో కూచున్న వాళ్ళేం చెబుతారు?" అని ఎత్తిపొడిచేది. మామగారు మాత్రం నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. ఆయన పేరు నేను పలకకూడదు. మాలో కోడళ్ళు మామగారి పేరు ఎత్తరు. ఇన్నేళ్ళూ ఎత్తలేదు, ఇప్పుడూ ఎత్తను.

సర్కారు ఉమ్మడి కమతం కల్హోజు మూతపడి, ఊరి మందని ఊరంతా పంచుకున్న రోజులవి. మంద మా చేతికొచ్చింది గానీ, టీకాలు వేసే డాక్టర్లు రావడం మానేశారు. ఎవరి గొర్రె వాళ్ళ తలరాత.

మా ఇంట్లో ఆ ఏడు ఒకటే మాట నడుస్తూ ఉండేది: వేరు పడటం. మాలో ఇల్లు చిన్నకొడుక్కి పోతుంది, వాడు అప్పుడు సైన్యంలో ఉన్నాడు. పెళ్ళయిన పెద్దకొడుక్కి తండ్రి మందలోంచి వాటా తీసి పంపిస్తాడు. దాన్ని మేము ఎంచి అంటాం. "ఈ వసంతంలో పుట్టిన పిల్లలన్నీ మీవే. వేసవి మేతకి కొండెక్కినప్పుడు మీ గుడారం మీరు వేసుకోండి" అని మామగారు మంచు కురిసే రోజుల్లోనే మాట ఇచ్చారు. పుట్టిన పిల్లకి పుట్టినట్టే చెవి అంచున మా గుర్తు కోశాం. ఏ గుర్తు పెట్టాలా అని నేనూ, నా మొగుడు జిర్గల్ చాలాసార్లు దెబ్బలాడుకున్నాం కూడా. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నా పొయ్యి. నా పులుసులో నాకిష్టమైనంత ఉప్పు. టీ పోస్తుంటే నా చేతి వంక ఎవరూ చూడకుండా ఉండటం.

పరీక్ష అయిపోయి వచ్చేసరికి వంతెన దగ్గర జిర్గల్ గుర్రంతో నిలబడి ఉన్నాడు.

"గట్టెక్కావా?"

"ఎక్కాను."

"హమ్మయ్య. ఇక అమ్మ నోరు మూతపడుద్ది" అని నన్ను వెనకాల ఎక్కించుకున్నాడు. కొంతదూరం పోయాక, "ఆవులకి నోట్లోంచి నురగ కారిందే. రెండు కుంటుతున్నాయి కూడాను. నాన్న చూసుకున్నాళ్ళే" అన్నాడు.

"ఏం చూసుకున్నారు?"

"గుడ్డ పెట్టాడు."

గుడ్డ అంటే మా లోయలో తెలియనివాళ్ళు లేరు. జబ్బు చేసిన ఆవు నోటి నురగలో ఉన్నిగుడ్డ తడిపి, మందలో మిగిలిన వాటన్నిటి చిగుళ్ళకీ రుద్దుతారు. రోగం ఒకదాని తర్వాత ఒకదానికి పాకుతూ పోతే వేసవంతా ఏడవాలి. ఒక్కసారిగా అన్నిటికీ వస్తే ఒక్కసారిగా తీరిపోతుంది. తాతలనాటి పద్ధతి ఇది, పిచ్చిపని అని నేను ఇప్పటికీ అనను. ఆకు రాలే కాలంలో, మందలో పసిపిల్లలు లేనప్పుడు, ముసలివాళ్ళు ఈ గుడ్డతోనే ఎన్నో మందల్ని గట్టెక్కించారు. మా నాటు ఆవులు కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, కుంటి, మళ్ళీ మేతకి పోయేవి.

మరి మామగారు వసంతంలో ఎందుకు చేశారంటే, మా కోసమే. కుంటే మందని ఎవరూ కొండదారి ఎక్కనివ్వరు, ముందు గుడారాలవాళ్ళే రాళ్ళు పట్టుకుని అడ్డం వస్తారు. దారి తెరుచుకునేలోపు రోగం తీరిపోవాలి, కొడుకు మొదటిసారి తన మందతో తలెత్తుకుని ఎక్కాలి. అదీ ఆయన ఆరాటం.

"గొర్రెలకి కూడా పెట్టారా?" అని అడిగాను.

"అన్నిటికీ. పిల్లల్ని మాత్రం ఒక్కదాన్నీ ముట్టుకోలా. పాలు తాగే పసివి, పాపం అన్నాడు. తల్లులకే."

"తల్లుల్నీ పిల్లల్నీ విడదీశారా?"

"విడదీస్తే పాలెవరిస్తారే, నువ్విస్తావా?" అని పగలబడి నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మెడ తిప్పి చూశాడు. "ఏంటే? ఏమైంది?"

గుర్రాన్ని తొందరగా తోలమన్నాను. ఇల్లు వచ్చేదాకా అతని వీపు చూస్తూ కూచున్నాను.

ఇంటికి చేరగానే చెయ్యాల్సింది చేశాను. పిల్లల్ని దొడ్డికి అటువైపు కొట్టంలోకి మార్పించాను. ఆవుపాలు మరగకాచి, చల్లార్చి, సీసాలతో పట్టాలన్నాను. అత్తగారు తగులుకుంది. "తల్లి పొదుగు నిండా పాలుంటే సీసాలేంటే? నగరంలో నేర్పింది ఇదేనా, కన్నతల్లుల్ని ఏడిపించడం?" మామగారు ఒక్క మాటతో ఆపేశారు. "చదువుకున్నది చెబుతోంది. చెయ్యండి." అంతే. నన్ను ఎందుకని కూడా అడగలేదు.

కానీ రోగం అప్పటికే పొదుగుల్లోంచి పిల్లల్లోకి దిగిపోయింది.

మొదటి పిల్ల పొద్దున పోయింది. సీసా చూసి ఉరుక్కుంటూ వచ్చింది, ముందుకాళ్ళ మీద వంగింది, తోక ఆడించింది, పక్కకి ఒరిగింది. నోట్లో ఒక్క బొబ్బ లేదు. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. దాని నోట్లో పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఇంకో పిల్ల కొట్టం గుమ్మంలో పడింది. తర్వాత లెక్క పెట్టడం మానేశాం. జిర్గల్ వాటిని కాళ్ళు పట్టి మోసుకెళ్ళి గోతిలో వేసి వచ్చేవాడు. ఆ కాసేపట్లోనే అతని చేతికి ఇంకొకటి అందేది. అవతల దొడ్డిలో తల్లులు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నాయి. మొదటిరోజు ఆ అరుపులు గుండెలో గుచ్చుకునేవి. తర్వాత కిటికీ బయట గాలిలాగా అయిపోయాయి. అరుపుల మధ్యే అన్నం తిన్నాం.

తోళ్ళయినా ఒలుచుకుందాం అంది అత్తగారు. పసిపిల్లల తోలుకి మాలో విలువ ఎక్కువ.

"వద్దత్తయ్యా. తోలుతో సహా పాతెయ్యాలి."

"తోలేం పాపం చేసిందే?"

"తోలుకీ ఉంటుంది రోగం."

"అన్నిటికీ ఉంటుంది రోగం! నీ నోటికి తప్ప!" అని కత్తి విసిరికొట్టి లోపలికి పోయింది. అటు తిరిగి ఏడుస్తోందని తెలుసు. వెళ్ళి ఓదార్చాలని కూడా తెలుసు. ఆ కత్తి తీసుకుని కొట్టం వైపు నడిచాను.

ఒక పిల్లని మాత్రం కొట్టం వెనక్కి తీసుకుపోయి కోశాను. గుండె నా అరచేతిలో పట్టేంతే ఉంది. పుస్తకంలో చారలు నల్లగా అచ్చయి ఉంటాయి. అసలువి అలా ఉండవు. ఉడికిన మాంసం రంగులో, పాలిపోయి, ఎర్రటి కండ మీద అడ్డంగా గీసినట్టు ఉన్నాయి. నా కళ్ళు తడవలేదు. పరీక్షలో సరిగ్గానే చెప్పాను అనిపించింది, అంతే. గుండెని గోతిలో వేసి చేతులు బూడిదతో తోముకున్నాను.

చివరికి మా గుర్తు ఉన్న చెవి ఒక్కటీ మిగల్లేదు.

గొయ్యి పూడ్చిన రోజు మామగారు నన్ను బయటి అరుగు దగ్గరికి పిలిచారు. ఆయన నాతో ఎదురుగా మాట్లాడటమే తక్కువ. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు ఒకదాన్ని కోసి చూశావంట గదా."

"చూశాను మామయ్యా."

"వాటి నోట్లో నేను గుడ్డ పెట్టలా. ఒక్కదానికి కూడా."

"తెలుసు."

"మరి ఎలా పోయాయి? నా గుడ్డ వల్లేనా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు ఎంత చెబితే అంత."

ఆయన చేతులకేసి చూశాను. నురగ రుద్దిన చేతులే అవి. నా మొగుణ్ణి మోసిన చేతులు కూడా అవే. కోడలు మామగారికి ఎదురు చెప్పదు, నిజమే. కానీ ఆ క్షణంలో నన్ను ఆపింది ఆచారం కాదు. నిజం చెబితే ఆ తర్వాత ఆయన మొహం చూడాలి. అంత ఓపిక నాలో లేదు.

"కాదు మామయ్యా. గాలిలో వచ్చింది. ఎలాగైనా పోయేవే."

ఆయన టోపీ పెట్టుకున్నారు. "దేవుడు ఇవ్వలా. ఇవ్వనిది మనమేం చేస్తాం" అని లేచారు. ఆ పూట అన్నం తిన్నారు. మంచిపనే చేశాననుకున్నాను.

మర్నాడు పొద్దెక్కాక ఏటి అవతలి సతార్‌కుల్ వచ్చాడు. మామగారికంటే చిన్నవాడు, ఆయనంటే గురి. గుర్రం దిగకుండానే కేకేశాడు.

"అన్నా! ఉన్నావా? మా ఆవు మూతి చప్పరిస్తోందే! నురగ కూడాను!"

"దిగు, టీ తాగు."

"టీ తర్వాత. నీ గుడ్డ పట్టుకుని రా. మా గొర్రెలు సగమే ఈనాయి, అన్నీ ఒక్కసారే కానిచ్చేస్తే పీడా పోద్ది. నాకు చేతకాదు, నీ చెయ్యి మంచిది."

మామగారు వెంటనే లేవలేదు. ఒకసారి గోతివైపు చూశారు.

"మా పిల్లలు పోయాయిరా."

"విన్నా అన్నా. మనసు పాడైపోయింది. అందుకే నేనూ జంకుతున్నా. గుడ్డ వల్ల అంటావా?"

"నేనూ అదే అనుకున్నా. కాదంట." మామగారు గడ్డంతో నావైపు చూపించారు. "గాలిలో వచ్చిందంట. మా కోడలు కోసి చూసింది. నగరంలో చదివింది గదా, తనే చెప్పింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది. బూట్ల కోసం చెయ్యి చాపారు.

అప్పటికి నేను గుమ్మంలో టీ గిన్నెతో నిలబడి ఉన్నాను. జిర్గల్ గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు. అత్తగారు పిండి పిసుకుతోంది. మామగారు ఒక బూటు తొడుక్కున్నారు. రెండోది అందుకున్నారు.

"వెళ్ళకండి మామయ్యా" అన్నాను.

ఆయన తలెత్తారు.

"గుడ్డ వల్లే. మీరు పిల్లల్ని ముట్టుకోకపోయినా తల్లులకి పెట్టారు. తల్లి పాలల్లోంచి, తల్లి నాకడంలోంచి పిల్లకి దిగింది. పెద్దవాటికి నోరు పోతుంది, పసివాటికి గుండె పోతుంది. నేను చూశాను. ఈనే కాలంలో గుడ్డ పెట్టకూడదు. బాబాయ్, ఈనిన గొర్రెల్ని ఇప్పుడే పై గట్టుకి తోలించండి. ఆవుల దగ్గరున్న మనిషి వాటి దగ్గరికి పోకూడదు. బూట్లు బూడిద నీళ్ళలో కడగండి. మీరిక్కడ గుర్రం దిగొద్దు."

నా గొంతు నాకే పాఠం అప్పజెబుతున్నట్టు వినపడింది. సతార్‌కుల్ నన్ను కాదు, మామగారిని చూస్తున్నాడు. పరాయి మగవాడి ముందు మామగారికి ఎదురు చెప్పిన కోడల్ని మా లోయ అంతకు ముందు చూసి ఉండదు. అత్తగారి చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"విన్నావుగా" అన్నారు మామగారు చివరికి. "వెళ్ళు. అమ్మాయి చెప్పినట్టు చెయ్యి."

సతార్‌కుల్ గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు. అతని పిల్లలు చాలావరకు బతికాయని తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు సంతోషించాలి కాబట్టి సంతోషించాను.

మామగారు ఒక కాలికి బూటుతో అలాగే కూచుని ఉన్నారు.

"నిన్న అడిగితే కాదన్నావు."

"అన్నాను."

"నామీద జాలిపడ్డావా?"

జిర్గల్ దగ్గరికి రాబోయాడు, ఆయన చేత్తోనే ఆపేశారు.

"నా కొడుకు ఎంచిని నా చేత్తో చంపుకున్నా. అది నా ఖర్మ, మోస్తాను. కానీ నిన్ను నమ్మి ఇంకాసేపట్లో సతార్‌కుల్ మందని కూడా చంపేవాణ్ణి." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "వేరు పడేదాకా ఈ ఇంట్లోనే ఉంటావుగా. మళ్ళీ అడిగితే ఏది నమ్మాలో నాకు తెలీదు అమ్మాయ్."

బూటు విప్పి గోడవారన పెట్టి లోపలికి పోయారు.

ఆ వేసవి ఒకే గుడారంతో కొండెక్కాం. రోజూ టీ నేనే పోసేదాన్ని. ఆయన గిన్నె అందుకునేవారు, తాగేవారు, నా వంక చూసేవారు కాదు. "నాన్న కోపం పోద్దిలే, పుట్టింట్లో నాలుగు రోజులు ఉండిరా" అని జిర్గల్ ఒకసారి అన్నాడు. వెళ్ళలేదు. నేను పోవాలనుకున్నది నా ఇంటికి. అక్కడికి తోలుకుపోవడానికి నా దగ్గర ఒక్క గొర్రెపిల్ల కూడా లేదు.